శీతల గిడ్డంగిలోని స్క్రూ కంప్రెసరు: దాని బేరింగులు, కందెన నూనె

ఎడ్లబండి తోలిన పెద్దలకు కందెన అనగా ఏమో చెప్పనక్కరలేదు. ఇరుసుకు కందెన పూయకుండ బండి తోలినచో నాలుగు మైళ్ళు పోకముందే చక్రము కీచుమని మొరపెట్టును, కుండ వేడెక్కును, ఇరుసు అరిగి గాడి పడును. ఇరుసు చివర సీల లేనిచో చక్రము ప్రక్కకు జారి ఊడివచ్చును. బరువు మోయుచోట కందెన, ప్రక్కకు జారకుండ సీల. ఈ రెండు మాటలు జ్ఞాపకముంచుకొన్న యెడల ఈ వ్యాసములో చెప్పబోవు యంత్రము మీకు సగము అర్థమైనట్లే. ఆ యంత్రము శీతల గిడ్డంగిలోని స్క్రూ కంప్రెసరు.

మిరప పండించు రైతుకు కంప్రెసరు సంగతి ఏల, అది మెకానిక్కులు చూచుకొందురు గదా అని మీరనవచ్చును. గుంటూరు, ఖమ్మము, వరంగల్లు ప్రాంతముల రైతుల కిది క్రొత్త సంగతి కాదు. ఫిబ్రవరి మొదలు వేసవి వరకు ఎండు మిర్చి అంతయు ఒక్క పెట్టున యార్డునకు వచ్చును. ధర నచ్చని రైతు బస్తాలను శీతల గిడ్డంగిలో వేసి, ఆ రసీదుపై అప్పు తీసుకొని, మంచి ధర కొరకు నెలల తరబడి వేచియుండును. బయట గోదాములో నుంచిన మిర్చి వేసవి వేడికి, వానకాలపు చెమ్మకు రంగు కోల్పోవును. చల్లని గదిలో రంగు నిలుచును. రంగు నిలిచినచో ధర నిలుచును. అనగా ఆ నెలలన్నియు మీ సంవత్సరపు కష్టము ఒక యంత్రములోని రెండు ఇనుప మరలపైన, ఆ మరలను మోయు బేరింగుల పైన ఆధారపడి యుండును. పైగా ఇప్పుడు రైతు ఉత్పత్తిదారుల సంఘములు కూడ గిడ్డంగులు కట్టుకొనుచున్నవి. అట్టి సంఘములలో సభ్యులైన వారికి ఆ యంత్రము పరాయిది కాదు, సొంతము.

ఎండు మిర్చి పాలవలె పూటలో విరిగిపోవునది కాదు. నిండుగ బస్తాలు వేసి, తలుపులు మూసిన గది ఒకటి రెండు రోజులు చల్లదనమును బాగుగనే నిలుపుకొనును. కాని బేరింగు పోయిన స్క్రూ కంప్రెసరు ఒకటి రెండు రోజులలో బాగుపడదు. బేరింగుతోపాటు రోటర్లు కూడ రాచుకొన్నచో యంత్రమును విప్పి తయారీదారుల కార్ఖానాకు పంపవలసి వచ్చును. వారములు పట్టవచ్చును. ఈలోగా గది వెచ్చబడును; బయటి తడిగాలి లోనికి చొరబడి చల్లని బస్తాలపై నీరుగా మారును; బూజు పట్టును. మిర్చిపై పెరుగు కొన్ని బూజులు ఆఫ్లటాక్సిన్ అను విషమును పుట్టించును. ఆ విషము కనబడిన సరకును ఎగుమతిదారు ముట్టడు.

మరల జంట

స్వీడను దేశమున ఆల్ఫ్ లిషోల్మ్ అను ఇంజనీరు 1930 తరువాతి సంవత్సరములలో జంట స్క్రూ యంత్రమును పనికివచ్చు రూపమునకు తెచ్చెను. అప్పటి యంత్రములలో రోటర్ల మధ్య నూనె లేదు. అవి ఒకదానినొకటి తాకకుండ వెలుపల పళ్ళ చక్రములు అమర్చవలసి వచ్చెను. 1950 తరువాత రోటర్ల మధ్యకే నూనెను చిమ్ము పద్ధతి వచ్చినది. దానితో పళ్ళ చక్రముల అవసరము తప్పినది. యంత్రము శీతల పరిశ్రమకు అనువైనది. నూనె లేనిదే శీతల గిడ్డంగిలోని నేటి స్క్రూ కంప్రెసరు లేదు.

చెరకు గానుగలో రోలర్లు ప్రక్క ప్రక్కనే తిరుగుట మీరు చూచియున్నారు. ఇదియు పైకి అట్లే కనబడును, కాని రోలర్లపై మరచుట్లు ఉండును. ఒక దానిపై ఉబ్బెత్తు చుట్లు, రెండవ దానిపై వాటికి సరిపడు గాళ్ళు. మొదటిదానిని మగ రోటరు అనియు, రెండవదానిని ఆడ రోటరు అనియు అందురు. మగ రోటరుకు నాలుగు చుట్లు, ఆడ రోటరుకు ఆరు గాళ్ళు ఉండుట సాధారణము. ఒక కొనవద్ద అమ్మోనియా వాయువు గాడిలో చేరును. రోటర్లు తిరుగుకొలది ఆ గాడి కురుచయై, వాయువు నలిగి, రెండవ కొనవద్ద అధిక పీడనముతో వెలువడును. పాతకాలపు పిస్టను యంత్రములో వలె వాల్వులు తెరచుకొనుట, మూసికొనుట లేదు.

మోటారుకు నేరుగా తగిలించిన యంత్రములో మగ రోటరు నిమిషమునకు 2,950 చుట్లు తిరుగుననుకొందము. రోజంతయు నడచినచో 42 లక్షలకు పైగా చుట్లు! నాలుగు చుట్ల రోటరైనచో సెకనుకు దాదాపు 200 మార్లు వాయువు వెలువడును. వెలువడిన ప్రతి మారును బేరింగులపై ఒక తట్టు పడును. మీ బండి చక్రము జీవితకాలములో తిరిగిన చుట్లను ఈ షాఫ్టు కొద్దిరోజులలో ముగించును.

నూనె ఎన్ని పనులు చేయును?

బండి ఇరుసులో కందెనకు ఒక్కటే పని. ఇక్కడ నూనెకు అనేకములు. మగ రోటరు ఆడ రోటరును నేరుగా త్రిప్పును. ఆ రెండింటి నడుమ ఇనుము ఇనుమును తాకకుండ పొరగా నిలుచునది నూనె. రోటర్లకును, చుట్టునున్న గోడకును మధ్య మిల్లీమీటరులో కొన్ని నూరవ వంతుల సందు ఉండును. ఆ సందును మూసి, నలిగిన వాయువు వెనుకకు కారకుండ ఆపునదియు నూనెయే. వాయువు నలుగునప్పుడు పుట్టు వేడిని నూనె త్రాగివేయును. అందుచేతనే అమ్మోనియా పిస్టను యంత్రములో 100 డిగ్రీలు దాటి మండుచు వచ్చు వాయువు, స్క్రూ యంత్రము నుండి సాధారణముగ 70 నుండి 90 డిగ్రీల లోపు వెలువడును. చల్లదనము ఎక్కువ తక్కువలు చేయు స్లైడ్ వాల్వును జరుపునది నూనె పీడనమే. షాఫ్టు బయటకు వచ్చుచోట అమ్మోనియా తప్పించుకొనకుండ కాచు సీలును తడిపి చల్లబరచునదియు అదియే. వీటన్నిటి తరువాత, లేక వీటన్నిటికంటె ముందు, బేరింగులు.

ఈ నూనె ఒకసారి పోసినది మరల మరల తిరుగును. వాయువుతో కలిసి బయటకు వచ్చి ఆయిల్ సెపరేటరు అను పెద్ద పాత్రలో విడిపోయి అడుగున నిలుచును. అచ్చటినుండి కూలరులో చల్లబడి, ఫిల్టరులో వడకట్టబడి, బేరింగులకు, రోటర్లకు చేరును. కొన్ని యంత్రములలో నూనెను త్రోయుటకు పంపు ఉండును. మరికొన్నింటిలో పంపు లేదు. సెపరేటరులోని అధిక పీడనమే నూనెను తోసివేయును. రెండవ రకము యంత్రము గల గిడ్డంగులలో పుష్యమాసపు చలి రాత్రులందు జాగ్రత్త అవసరము. కండెన్సరు మరీ చల్లబడినచో పీడనము పడిపోవును, నూనెను తోయు బలము తగ్గును. అట్టి వేళ కండెన్సరు ఫ్యాను లేక నీటి పంపును తగ్గించి నడుపుదురు. చలి యంత్రమునకు చలి చేటు చేయుట వింతగ తోచవచ్చును గాని నిజము.

బరువెంత?

అమ్మోనియా మైనస్ 5 డిగ్రీల వద్ద మరుగునప్పుడు దాని పీడనము రమారమి 3.5 బార్లు. కండెన్సరులో 40 డిగ్రీల వద్ద ద్రవమగునప్పుడు రమారమి 15.5 బార్లు. భేదము 12 బార్లు. అనగా ప్రతి చదరపు సెంటీమీటరు పైన దాదాపు 12 కిలోల త్రోపు. రోటరు ప్రక్కన 100 చదరపు సెంటీమీటర్ల మేర ఈ త్రోపు పడిన చాలు, 12 క్వింటాళ్ళు! నలభై కిలోల మిర్చి బస్తాలు ముప్పదింటిని ఆ షాఫ్టుపైకి ఎక్కించినట్లు. దీనిని ఇరుసుపై పడు బరువుతో పోల్చుకొనవచ్చును. దీనిని మోయుటకు షాఫ్టు రెండు కొనలందు రోలరు బేరింగులు గాని, తెల్లలోహము పూసిన గుల్ల బేరింగులు గాని అమర్చుదురు.

రెండవ త్రోపు పొడవు దిశగా ఉండును. అధిక పీడనముగల కొన రోటర్లను అల్ప పీడనముగల కొన వైపునకు నెట్టుచుండును. మగ రోటరుపై ఈ నెట్టు ఎక్కువ. ఇదియే బండి చక్రము ప్రక్కకు జారుట వంటిది. దీనికి కావలసినది సీల. ఈ యంత్రములో ఆ సీల పనిని థ్రస్టు బేరింగు చేయును. ఇందులో ఉక్కు గుండ్లు ఏటవాలు గాడిలో కూర్చుండి ప్రక్క త్రోపును ఆపును. ఈ గుండ్లు అరిగి రోటరు తన స్థానము నుండి వెంట్రుకవాసి జరిగినను, కొనల వద్ద కొలిచి ఉంచిన సందు చెడును. మొదట వాయువు కారి చల్లదనము తగ్గును, తరువాత రోటరు గోడను రాచుకొనును.

మరి పెద్ద బేరింగు వేసిన సరిపోదా అని మీకు తోచును. ఇచ్చట ఒక చిక్కు కలదు. రెండు రోటర్లు ఒకదానిలో నొకటి ఇమిడి తిరుగవలెను గనుక వాటి షాఫ్టులు దగ్గరగా ఉండక తప్పదు. ప్రక్క ప్రక్కనే రెండు బేరింగులు పట్టవలెను. ఒక గట్టుకు ఇరువైపుల రెండు బావులు త్రవ్వినట్లు, ఒకదానిని వెడల్పు చేసినచో రెండవదానిలోనికి పడుదురు. అందుచేత యంత్రకారులు వెడల్పు పెంచలేక, థ్రస్టు బేరింగులను రెండు మూడు వరుసగ పేర్చుదురు. అదియు చాలనిచోట షాఫ్టు కొనపై బ్యాలెన్స్ పిస్టను అను చిన్న బిళ్ళ నమర్చి, దానిపై నూనె పీడనము ప్రయోగించి, వాయువు నెట్టు దిశకు ఎదురుగ నెట్టుదురు. నా దృష్టిలో ఈ యంత్రములోని తెలివియంతయు ఈ బిళ్ళలోనే కలదు. కాని దీని కొక షరతు. నూనె పీడనము ఉన్నంతవరకే అది సాయము చేయును. పీడనము పడిపోయినచో బేరింగుకు కందెనయు తగ్గును, అదే క్షణమున బరువును పెరుగును. రెండు దెబ్బలు ఒకేసారి. నూనె పీడనము తగ్గినప్పుడు యంత్రము క్షణములలో తానై ఆగిపోవునట్లు రక్షణ స్విచ్చి పెట్టుట ఇందుకే.

బేరింగు ఆయువు బరువునుబట్టి మారు తీరు కూడ తెలిసికొనదగినది. గుండ్ల బేరింగుపై బరువు రెండింతలైనచో ఆయువు సగము కాదు, ఎనిమిదవ వంతగును. ఈ లెక్కను మీ గిడ్డంగికి అన్వయించి చూడుడు. కండెన్సరు గొట్టములపై ఉప్పు పేరుకొని, 40 డిగ్రీల వద్ద ద్రవము కావలసిన అమ్మోనియా 45 డిగ్రీల వద్ద అగుచున్నదనుకొందము. పీడనము 15.5 నుండి 17.8 బార్లకు పెరుగును. భేదము 12 నుండి 14.3కు, అనగా సుమారు అయిదవ వంతు ఎక్కువ. బరువు ఆ మేరకే పెరిగినదనుకొన్నచో బేరింగు ఆయువు పదింట ఆరు పాళ్ళకు దిగును. బ్యాలెన్స్ పిస్టను కొంత సర్దుబాటు చేయును గనుక ప్రతి యంత్రములోను ఇంత ఖచ్చితముగ జరుగదు. అయినను దారి అదే. కరెంటు బిల్లు పెరిగినదని మాత్రమే చూచువారికి ఈ రెండవ నష్టము కనబడదు. మన ప్రాంతపు బోరు నీరు చాలచోట్ల ఉప్పదనము గలది. కండెన్సరు శుభ్రత బేరింగుల రక్షణలో భాగమని గ్రహించవలెను.

పొర మందము

మైక్రాన్ అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. తలవెంట్రుక మందము 50 నుండి 100 మైక్రాన్లు. రోలరు బేరింగులో ఉక్కుకు ఉక్కుకు నడుమ నిలుచు నూనె పొర ఒక మైక్రానుకు అటు ఇటుగ ఉండును. తరచు అంతకంటె పలుచన. పైన చెప్పిన 12 క్వింటాళ్ళు నిలిచియున్నది ఆ పొరపైననే. పొర నిలుచుటకు నూనెకు తగిన చిక్కదనము ఉండవలెను. డబ్బాపై 68 అను అంకె ఉన్నచో, 40 డిగ్రీల వేడివద్ద దాని చిక్కదనము 68 సెంటీస్టోకులని అర్థము. అమ్మోనియా స్క్రూ యంత్రములలో ఈ రకము వాడుక ఎక్కువ. వేడి పెరిగినకొలది నూనె పలుచనగును. ఇదే నూనె 60 డిగ్రీలవద్ద సగముకంటె తక్కువ చిక్కదనమునకును, 80 డిగ్రీలవద్ద అయిదవ వంతు ప్రాంతమునకును దిగును. కూలరు సరిగ పనిచేయనిచో బేరింగులకు చేరునది కందెన కాదు, నీళ్ళవంటి ద్రవము. బేరింగులకు పోవు నూనె ఎంత వేడి వరకు ఉండవచ్చునో తయారీదారులు పుస్తకములో వ్రాసియుందురు. ఆ అంకెను గేజి ప్రక్కనే గోడపై రంగుతో వ్రాయించుడు.

నూనె పలుచనగుటకు వేడి ఒక్కటే కారణము కాదు. అమ్మోనియా విషయములో మన అదృష్టమేమనగా, సాధారణ ఖనిజ నూనెలో అది దాదాపు కరగదు. ఇతర వాయువులు వాడు యంత్రములలో అట్లు కాదు. ఆర్ 22 గాని, దాని తరువాత వచ్చిన కొన్ని వాయువులు గాని నూనెలో బాగుగ కరగి, పాలలో నీరు పోసినట్లు పలుచన చేయును. అందుచేత వాటిలో మొదటినుండి చిక్కని నూనె పోసి, ఆగియున్నప్పుడు కూడ హీటరుతో నూనెను వెచ్చగ ఉంచుదురు. హీటరు ఆపివేసి కరెంటు పొదుపు చేసితిమనుకొన్నచో, యంత్రము నడపిన వెంటనే కరగిన వాయువు నురగయై పొంగి, బేరింగులకు నూనెకు బదులు నురగ చేరును. అమ్మోనియా యంత్రములోనైనను, ఆవిరితోపాటు ద్రవ అమ్మోనియా కొట్టుకొని వచ్చినచో ఇట్టి ప్రమాదమే కలుగును. దీనికి గుర్తు గలదు. బయటకు వచ్చు వాయువు వేడి, రోజూ ఉండవలసినదానికంటె చటుక్కున తగ్గును. వేడి పెరిగినప్పుడే కీడని, తగ్గినచో మేలని తలచుట పొరపాటు.

నీరు మరియొక శత్రువు. మిర్చి గిడ్డంగులలో అమ్మోనియా పీడనము బయటి గాలికంటె ఎక్కువగనే ఉండును గనుక, సన్నని చిల్లుల గుండ తడిగాలి లోనికి పీల్చబడు భయము తక్కువ. నీరు వచ్చు దారులు వేరు. మరమ్మతుకు విప్పి, గాలిని పూర్తిగ తీసివేయకుండ మూసినప్పుడు వచ్చును. ఆయిల్ కూలరులో గొట్టము చిల్లిపడినచో యంత్రము నడచునప్పుడు అమ్మోనియా, నూనె నీటిలోనికి పోవును. యంత్రము ఖాళీచేసి ఆపినప్పుడు నీరు నూనెలోనికి వచ్చును. కూలరు నుండి వచ్చు నీరు అమ్మోనియా వాసన వేసినచో ఆ పూటనే వెదకవలెను. నూనె తెల్లగ కనబడినచో గాజు సీసాలో కొంతసేపు ఉంచి చూడుడు. తేటపడినచో అది వాయువు బుడగలు. తెలుపు పోనిచో నీరు.

నూనె ఎచటికి పోవుచున్నది?

ఒక గిడ్డంగిలో నాకెదురైన సంగతి చెప్పెదను. ఆపరేటరు మంచివాడు, కష్టించువాడు. వారమునకొక డబ్బా నూనె పోయుచున్నాడు. ఏల అని అడిగినచో, "మిషను త్రాగుచున్నదండీ, పోయుచున్నాము" అనెను. యంత్రము నూనెను త్రాగదు. సెపరేటరులోని వడపోత మూలకము చిరిగి, నూనె వాయువుతోపాటు గదులలోని గొట్టములకు పోవుచున్నది. ఖనిజ నూనె ద్రవ అమ్మోనియాకంటె బరువైనది; అడుగున చేరును. ఆ గొట్టముల లోపలి గోడలకు నూనె పూతపట్టి, చలి గదిలోనికి రాక, కంప్రెసరు రేయింబవళ్ళు ఆగకుండ నడచుచున్నది. అడుగు కుండలనుండి తీసిన నూనె చూచి ఆ యాజమాన్యము వారే ఆశ్చర్యపడిరి. కావున పోసిన ప్రతి డబ్బాను పుస్తకములో వ్రాయించుడు. తీసిన నూనెను కూడ కొలిచి వ్రాయించుడు. రెండింటికి పొంతన కుదరనిచో ఎచ్చటనో లోపము గలదు.

అడుగు కుండలనుండి నూనె తీయుటలో ప్రాణాపాయము గలదని మరువరాదు. నూనె అయిపోయిన వెంటనే అమ్మోనియా చిమ్ముకొని వచ్చును. చేయి తీసిన తానై మూసికొను వాల్వు లేకుండ, ముఖకవచము, చేతితొడుగులు లేకుండ ఈ పని చేయరాదు. వాల్వు తెరచి టీ త్రాగుటకు పోవుట అసలే కూడదు.

తీసిన పాత నూనెను వడకట్టి మరల పోయు అలవాటు కొన్నిచోట్ల గలదు. గుడ్డతో వడకట్టినంతమాత్రమున ఒక మైక్రాను పొరకు పనికివచ్చు నూనె కాదు. ట్రాక్టరు ఇంజను నూనె పోయుట అంతకంటె చెడ్డది. అందులో కలిపిన మందులు అమ్మోనియాతో కలిసి మడ్డియై ఫిల్టరును, సన్నని నూనెదారులను పూడ్చివేయును. రెండు రకముల నూనెలను, అంకె ఒకటే అయినను, తయారీదారుని అనుమతి లేనిదే కలుపరాదు. ఇన్ని లక్షల సరకు పెట్టిన చోట నూనె డబ్బా వద్ద చేయు పొదుపును నేను పొదుపు అనను.

బేరింగు కొనుగోలులో కూడ ఒక మెలకువ. అమ్మోనియాయు తేమయు కలసినచోట రాగి, ఇత్తడి తినివేయబడును. బేరింగులో గుండ్లను దూరదూరముగ నిలుపు చట్రమును కేజి అందురు. బజారులో దొరకు బేరింగులలో కొన్నిటికి ఇత్తడి కేజి ఉండును. అంకె సరిపోయినదని దానిని అమ్మోనియా యంత్రములో వేయరాదు. ఉక్కు కేజిగాని, తయారీదారు చెప్పిన ప్లాస్టిక్ కేజిగాని గలదానినే వేయవలెను. పేరుగల కంపెనీల ముద్రతో నకిలీ బేరింగులు కూడ వచ్చుచున్నవి గనుక అధీకృత వ్యాపారి రసీదు తప్పనిసరి.

గిడ్డంగికి పోయినప్పుడు

బస్తాలు చూచుటకు పోయినప్పుడు యంత్రశాలలోని లాగ్ పుస్తకము చూపుమని అడుగుడు. సంఘపు గిడ్డంగి అయినచో అడుగుట మీ హక్కు. పరుల గిడ్డంగి అయినను మంచి యజమాని కాదనడు. నూనె పీడనము, నూనె వేడి, ఫిల్టరుకు ముందు వెనుకల పీడన భేదము, బయటకు వచ్చు వాయువు వేడి, ఈ అంకెలు గంట గంటకు గాని, పూటకు రెండు మార్లుగాని వ్రాసియున్నవేమో చూడుడు. అంకెలన్నియు వారమంతయు ఒకే తీరుగ, ఒకే సిరాతో ఉన్నచో అవి గేజి చూచి వ్రాసినవి కావు. ఫిల్టరు భేదము రోజురోజుకు పెరుగుచున్నచో నూనెలో మురికి చేరుచున్నదన్నమాట. మార్చిన ఫిల్టరును పారవేయకుండ కోసి చూడవలెను. మెరయు లోహపు పొడి కనబడినచో అది బేరింగు పొడి కావచ్చును. నూనె మచ్చును యంత్రము నడచుచుండగ తీసి, సంవత్సరమున కొకసారి రెండు సార్లు ప్రయోగశాలకు పంపినచో చిక్కదనము, నీరు, ఇనుప రేణువులు తెలియును. చెవికి వినబడు మోత వచ్చునప్పటికి చాల ఆలస్యమై యుండును. కంపనమును కొలుచు చిన్న పరికరములు ఇప్పుడు దొరకుచున్నవి. నెలకొకసారి అదేచోట కొలిచి వ్రాసినచో, పెరుగుదల ముందే బయటపడును.

రక్షణ స్విచ్చి మాటిమాటికి యంత్రమును ఆపుచున్నదని, దానిని తీగతో కలిపి నోరు మూయించుట కొన్నిచోట్ల జరుగును. సరకు నిండియున్న వేసవిలో ఆపరేటరుపై ఒత్తిడి ఎక్కువ. ఒక్క రాత్రికే గదా అనుకొనును. ఆ తీగ కనబడినచో, కంప్రెసరు ఆగినను సరే, వెంటనే తీయించుడు. రెండవ కంప్రెసరుతో గానీ, తలుపులు మూసి గానీ ఒక రోజు గడపవచ్చును.

కరెంటు పోయి వచ్చు ఊళ్ళలో మరియొక బాధ గలదు. ప్రతి ప్రారంభమున నూనె పొర ఏర్పడు లోపల లోహము లోహమును తాకును. కరెంటు వచ్చిన తోడనే బొత్తాము నొక్కకుండ, పంపు గల యంత్రములో ముందు నూనె పంపు నడిపి, పీడనము నిలకడ చెందిన తరువాత మోటారు నడుపవలెను. గంటకు ఎన్ని మార్లు నడుపవచ్చునో పుస్తకములో నుండును. కరెంటు పోయినప్పుడు షాఫ్టు వెనుకకు గిరగిర తిరిగినచో, వాయువును ఒకే దిశలో పోనిచ్చు చెక్ వాల్వు చెడినదని గుర్తు, దానిని బాగుచేయించవలెను.

గిడ్డంగి ఖాళీ అయిన నెలలలో యంత్రమును తాళము వేసి వదలివేయుట సాధారణము. ప్రక్క యంత్రము నడచుచుండగ ఆగియున్న యంత్రము బేరింగులు ఆ కంపమునకు ఒకేచోట నలిగి గుంటలు పడును; తేమ ఉన్నచో తుప్పును పట్టును. వారమునకొకసారి మోటారు స్విచ్చి తీసి, తాళము వేసి, నూనె పంపు ఉన్నచో దానిని కొంతసేపు నడిపి, షాఫ్టును చేతితో కొన్ని చుట్లు త్రిప్పించుడు. మోటారుకు కంప్రెసరుకు నడుమనున్న కప్లింగు వరుస తప్పినదేమో చూపించుటకు కూడ అదే అదను. కొత్తగ వేగము మార్చు డ్రైవు పెట్టించినవారు రెండు సంగతులు తయారీదారు నడుగవలెను: ఎంత తక్కువ వేగము వరకు నడుపవచ్చును, మోటారు బేరింగులగుండ విద్యుత్తు పారకుండ ఏ ఏర్పాటు చేసిరి. వేగము మరీ తగ్గినచో నూనె పొర పలుచనగును. విద్యుత్తు పారినచో గుండ్లపై సూదిమొనలంత గుంటలు పడును.

విప్పి బేరింగులు మార్చినప్పుడు రోటరు పొడవు దిశలో ఎంత కదలుచున్నదో కొలిచి వ్రాయించుకొనుడు. మరుసటి సంవత్సరము కొలత తీయునప్పుడు పోల్చుటకు ఆ కాగితమే ఆధారము. ఒక జత బేరింగులు, సీలు, రెండు ఫిల్టర్లు, ఒక పీపా నూనె ముందుగనే తెప్పించి, బేరింగుల పొట్లము విప్పకుండ పొడిగదిలో భద్రపరచవలెను. ఈ పనులన్నియు జనవరి లోపల, మొదటి మిర్చి బస్తా గిడ్డంగి గుమ్మము దాటకముందే పూర్తి కావలెను.